చేపల బజారులో సూరన్న

సూరన్న చేపల బజారులో వేలాడుతున్నాడు.

ఆయన పోయి మూడు నెలలు దాటింది. మెడలో బంతిపూల దండ, నుదుట ఎర్రటి బొట్టు, తగువు తీర్చబోయే పెద్దమనిషిలా ముఖాన ఓ నిండు నవ్వు. గడ్డం మీంచి నీళ్లు కారుతున్నాయి. కింద చెక్కబల్ల మీద కానాగంత చేపలు వరసగా పేర్చి ఉన్నాయి. గాలికి ఆయన అటూ ఇటూ తిరుగుతుంటే చెంపకి అంటుకున్న పొలుసులు మెరుస్తున్నాయి. వెనకాల ఎవరో రొయ్యలు బేరమాడుతున్నారు. వీడియో తీస్తున్నవాడు ఒక బూతు మాట అని, ఫోను దగ్గరగా పెట్టాడు.

అది సంచీ. ఫ్లెక్సీతో కుట్టిన బజారు సంచీ. లోపలి వైపు బయటికి తిప్పి, కడిగి, వెదురుకర్రకి ఆరేశారు. అంచున వేలెడు పొడవు ఆకుపచ్చ గుడ్డ పట్టీ. దాని మీద నల్ల దారంతో ఒకే మాట: మళ్లీ.

షర్మిల ఫోను గోపీకృష్ణకి తిరిగి ఇచ్చేసింది. పొద్దున్నించీ సంచీల మీద రంగులు వేస్తూ నిలబడే ఉండడంతో కాళ్లు లాగుతున్నాయి. కూర్చుంటే మళ్లీ లేవలేనేమోనని కూర్చోలేదు.

"కాలేజీ గేటు దగ్గర ఉన్నారు," అన్నాడు గోపీకృష్ణ. "తాతబ్బాయి, వాళ్ల మనుషులు. రెండు కార్లు. బైకులు నేను లెక్కపెట్టలేదు."

తాతబ్బాయి సూరన్న పెద్దకొడుకు. రోడ్ల కాంట్రాక్టులు చేస్తాడు. నర్సీపట్నంలో అతను నడిచిన చోట నలుగురు నడుస్తారు. అతను అడుగుతున్నది ఒకే ఒక్క ప్రశ్నట. మా నాన్న బొమ్మని సంచీ చేసిన చెయ్యి ఎవరిది?

'మళ్లీ' అంటే వాళ్ల ముగ్గురి కంపెనీ. కాలేజీలో ఆఖరి ఏడాది డిజైన్ వాళ్లని, కామర్స్ వాళ్లని, మెకానికల్ వాళ్లని కలిపి జట్లు కట్టి, ఏడాది పాటు ఒక వ్యాపారం నడిపి చూపించమన్నారు. షర్మిల బొమ్మలు వేస్తుంది. గోపీకృష్ణ అమ్ముతాడు. అప్పలరాజు, కాలితో తొక్కితే ఫ్లెక్సీని కొలతకి కోసే యంత్రం ఒకటి తయారుచేశాడు. నర్సీపట్నంలో ముడిసరుక్కి కొరత లేదు. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, నాయకుడికి స్వాగతం, ఆ నాయకుడి బావమరిదికి స్వాగతం. ఊరు నిద్రలేచేసరికి కొత్త ఫ్లెక్సీ లేచి ఉంటుంది. పాతది దించి, కడిగి, అచ్చు ఉన్న వైపు లోపలికి, తెల్లటి వెనక వైపు బయటికి వచ్చేలా కుడతారు. ఆ తెలుపు మీద షర్మిల బొమ్మ వేస్తుంది. మనిషి ముఖం ఉన్న ముక్క కోసి పక్కన పెట్టెయ్యాలి. నివాళి ఫ్లెక్సీలు అసలు ముట్టుకోకూడదు. ఈ రెండు షరతులూ మొదటి రోజే షర్మిల పెట్టింది.

శనివారం విశాఖపట్నంలో కాలేజీ కంపెనీల పోటీలో ఆఖరి ఎంపిక. గెలిస్తే 'మళ్లీ' కాలేజీ ప్రాజెక్టు కాదు, నిజం కంపెనీ అవుతుంది.

వాళ్ల కోర్సు చూసే క్రిస్టఫర్ సార్ గేటు దగ్గరకెళ్లి మాట్లాడి వచ్చారు. చొక్కా వీపంతా తడిసిపోయింది. కుర్చీలో కూలబడి, కళ్లజోడు తీసి, తుడవకుండానే మళ్లీ పెట్టుకున్నారు. తాతబ్బాయి పోలీసుల దాకా వెళ్లడట. సంచీ కుట్టిన మనిషి సెంటర్లో, సూరన్న ఫ్లెక్సీ కట్టిన ఇనప చట్రం కింద నిలబడి, అందరి ముందూ క్షమాపణ చెప్పాలట. వీడియో తీసుకుంటాడట. అంతటితో సరి.

"కుట్టింది మంగ," అన్నాడు గోపీకృష్ణ వెంటనే. "బయటి మనిషి."

ఆ మాట పడగానే గదిలో గాలి తేలికైంది. షర్మిల కళ్ల ముందే తేలికైంది. సార్ భుజాలు కిందికి దిగాయి. మంగ విద్యార్థి కాదు, ఉద్యోగి కాదు. పెదబొడ్డేపల్లిలో తన ఇంట్లోనే కూర్చుని సంచీలు కుట్టి ఇచ్చే మనిషి. ఆమెకి వీళ్లు ఇచ్చిందల్లా మందం గుడ్డ కుట్టే పెద్ద మిషను ఒకటి. ఆ మిషను వచ్చాక ఆమె జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు ఒలిచే పని మానేసింది. వేళ్ల మీద జీడి నల్లదనం ఇప్పుడిప్పుడే విడుస్తోంది.

సార్ మెల్లగా చెప్పారు. ఏ ముక్క కొయ్యాలి, ఏది కుట్టాలి అన్నది షర్మిల బాధ్యత. కాబట్టి తాతబ్బాయికి షర్మిలే చెప్పాలి, మంగ మాకు తెలియకుండా చేసిందని. మిషను వెనక్కి తెచ్చేసుకుంటే, ఆవిడతో మాకు సంబంధం లేదని చెప్పడానికి వీలుంటుంది. శనివారం లోపల ఇది ముగిసిపోవాలి.

షర్మిల ఆ సంచీని ఒకసారి చూడాలంది.

తాతబ్బాయి దాన్ని కారు వెనకసీట్లో, కొత్త తువాలు పరిచి, దాని మీద పెట్టుకున్నాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు. అతని గొంతు అప్పటికే బొంగురుపోయింది.

"మా నాన్న మొకం మీద సేపల నీల్లమ్మా," అన్నాడు. "నువ్వూ ఓ తండ్రి కూతురివే. నాకేటి కావాలో తెలవదా?"

తెలుసంది. సంచీని చేతుల్లోకి తీసుకుని ముందు బయటి వైపు చూసింది. తెల్లగా ఉంది. బొమ్మ లేదు, రంగు చుక్క లేదు. అమ్మిన ప్రతి సంచీ మీదా తన కుంచె తిరిగింది. ఇది తన బల్ల మీదకి రాలేదు.

తర్వాత లోపలి వైపు. సూరన్న ముఖం చెక్కుచెదరకుండా ఉంది. మామూలుగా ఫ్లెక్సీ కోస్తే గుడ్డ వృథా కాకుండా కోస్తారు. కుట్టు చెవి మీంచి పోతుంది, పేరు సగానికి తెగుతుంది. ఇక్కడ కుట్టు పూలదండ బయటి అంచు పట్టుకుని, ఒక్క రేకు కూడా తెగకుండా చుట్టూ తిరిగింది. సంచీ అడుగున మడత పడకుండా రెట్టింపు గుడ్డ వేసి ఉంది. నివాళి ఫ్లెక్సీ అడుగున కొడుకుల ఫోటోలు, అనుచరుల ఫోటోలు వరసగా ఉంటాయి కదా. ఆ పట్టీ మొత్తం తీసేశారు. సూరన్న ఒక్కడే మిగిలాడు.

నిర్లక్ష్యంగా కుట్టిన సంచీ కాదిది. ఎవరో ఆయన్ని జాగ్రత్తగా కూర్చోబెట్టారు.

తాతబ్బాయి చెయ్యి చాచాడు. ఆమె ఇచ్చేసింది. రేపు సాయంత్రానికి మనిషి పేరు చెబుతాం అన్నారు క్రిస్టఫర్ సార్ పక్కనుంచి.

*

మర్నాడు మిషను తెచ్చే పని షర్మిలకీ అప్పలరాజుకీ పడింది. ట్రాలీ ఆటో వెనక వస్తుందని చెప్పి ఇద్దరూ బైకు మీద ముందు వెళ్లారు. దారి పొడవునా అప్పలరాజు ఒక్క మాటా మాట్లాడలేదు. అతను మామూలుగా రోడ్డు మీద గుంట వచ్చినా జోకు వేసే మనిషి.

మంగ ఇల్లు ఒక గది, ముందు ఒక వసారా. వసారాలో మిషను. ఆమె కుడుతోంది. వాళ్లని చూసి ఆపలేదు, పట్టీ చివరిదాకా కుట్టి, దారం పళ్లతో తెంపి, అప్పుడు లేచింది. విషయం ఆమెకి ముందే తెలిసింది. వీడియో వాళ్ల వీధికీ వచ్చింది.

మూలన గోనెసంచీలో కోసి తీసేసిన ముఖాలున్నాయి. పుట్టినరోజు పిల్లలు, నాయకులు, నాయకుల తమ్ముళ్లు. ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా లోపలికి మడిచి పెట్టింది. వాటిని పారెయ్యమని గోపీకృష్ణ ఎన్నోసార్లు చెప్పాడు. కళ్లున్నవాటిని చెత్తలో ఎలా వేస్తామని ఆమె వెయ్యలేదు. అలాంటి మనిషి సూరన్న కళ్లని సంచీలో పెట్టి కుట్టింది. పొరపాటున కుట్టే మనిషి కాదు.

షర్మిల మెట్టు మీద కూర్చుంది. లేవలేకపోయినా ఫర్వాలేదనిపించింది.

"ఎవరిచ్చారు, మంగా?"

మంగ నూనెడబ్బా తీసి మిషనుకి ఒక్కో కీలు దగ్గరా చుక్క వేసింది. గుడ్డతో తుడిచింది. సూది విప్పి కాగితంలో చుట్టింది. వెనక్కి ఇచ్చేసే వస్తువుని శుభ్రం చేసి ఇస్తున్నట్టుగా చేసింది.

"అడక్కమ్మా. ఇచ్చినోల్లకి హక్కుంది. దొంగసొత్తు కాదు. ఎవరికీ సెప్పనని మాటిచ్చేసినాను."

"నిన్ను సెంటర్లో నిలబెడతారు."

"నిలబడతాను. జీడి ఫ్యాక్టరీలో రోజంతా నిలబడలేదేటి?"

"మిషను తీసుకెళ్లమన్నారు."

మంగ చెయ్యి మిషను చక్రం మీద ఆగింది. అంతసేపూ రాని మార్పు ముఖంలోకి అప్పుడు వచ్చి, మళ్లీ పోయింది. తీసుకెళ్లండి, మీదే కదా అంది. ఆ ఆకుపచ్చ పట్టీ వెయ్యడమే తన తప్పంది. డబ్బాలో పట్టీలు కనబడితే అలవాటుగా వేసేసిందట. సంచీ బాగా కుదిరిందని ముచ్చటేసిందట.

వెనకాల ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అప్పలరాజు మిషను చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి బల్ల కింద చూశాడు, లేచి చేతులు దులుపుకున్నాడు.

"ఇది కదలదండి," అన్నాడు డ్రైవరుతో. "మెకానికల్ సమస్య."

"బోల్టులిప్పితే వచ్చేద్ది కదా బాబూ."

"నాలుగేళ్లు చదివినోణ్ని నేనా, నువ్వా? కదలదన్నాను కదా."

ఆటో వెళ్లిపోయింది. తిరుగుదారిలో అప్పలరాజు చెప్పాడు, గోపీకృష్ణ అడిగితే ఆటో రాలేదని చెప్పమని. దీంతో ఒక్క రోజే కొనగలమని అతనికీ తెలుసు.

ఆ సాయంత్రం పేరు చెప్పాల్సిన సాయంత్రం. షర్మిల జ్వరంగా ఉందని కబురు పంపింది. అబద్ధమేమీ కాదు. ఒళ్లు అలాగే ఉంది. గోపీకృష్ణ ఫోను చేసి చాలాసేపు మాట్లాడాడు. అతను చెడ్డవాడేమీ కాదు. నాలుగు కాలేజీల ముందు నిలబడి, గొంతు పోయేదాకా చెప్పి, ఈ సంచీలు అమ్మినవాడు. మంగకి మనం వేరే ఏదైనా చూడొచ్చు, కంపెనీ పోతే ఎవరికీ ఏమీ చూడలేం అన్నాడు. ఆ లెక్కలో ఎక్కడా తప్పు కనిపించలేదు. అదే ఆమెని ఎక్కువ అలిసిపోయేలా చేసింది. రేపు చెబుతానంది. సార్ తాతబ్బాయిని మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగమని ఒప్పించారు.

*

పొద్దున్నే చేపల బజారుకి వెళ్లింది. తలుపులమ్మ పాయకరావుపేట వైపు నించి తెల్లారకుండానే సముద్రపు చేప తెచ్చే మనిషి. గట్టు మీద ఒక కాలు మడిచి, కత్తిపీట రెండో కాలితో తొక్కిపట్టి, పొలుసు గీకుతోంది. వీడియోలో ఉన్న వెదురుకర్ర అక్కడే ఉంది. ఇవాళ దానికి ఏమీ వేలాడటం లేదు.

సంచీ ఎవరిదని షర్మిల అడిగింది.

"ఎవరో మరిసిపోయినారు. తాతబ్బాయిగోరికీ అదే సెప్పినాను. కొంటావా, కొనవా? ఈగలు ముసురుతున్నాయి."

"మరిచిపోయిన సంచీని ఎవరన్నా తిరగేసి, కడిగి, ఆరేస్తారా?"

కత్తి మీద చేప ఆగింది. రెండు రోజులుగా ఊరంతా ఆ వీడియో చూసింది. కోపం తెచ్చుకుంది, నవ్వుకుంది, ఇంకొకరికి పంపింది. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. సంచీ మీద పేరు కనబడుతుంటే సంచీ ఎవరిదని అడిగే అవసరం ఎవరికి?

తలుపులమ్మ తల ఎత్తకుండానే మళ్లీ గీకడం మొదలుపెట్టింది.

"సదువుకున్న గుంటవి," అంది. "సదువుకోని మాటలు అడక్కు. ఎల్లు."

షర్మిల వెళ్లలేదు. ఎదురుగా టీకొట్టు దగ్గర నిలబడింది. టీ చల్లారిపోయింది. కొంతసేపటికి తలుపులమ్మ నాలుగు కానాగంతలు శుభ్రం చేసి, ముక్కలు కోసి, స్టీలు గిన్నెలో వేసి, అరిటాకు కప్పింది. గట్టు పక్కామెకి అప్పజెప్పి, గిన్నె పట్టుకుని లేచింది. బజారు దాటి, మెయిను రోడ్డు దాటి, పెద్ద పెద్ద గేట్లున్న వీధిలోకి తిరిగింది. షర్మిల వెనక నడిచింది. తలుపులమ్మ ముందు గేటు వైపు వెళ్లలేదు. ప్రహరీ పక్క సందులోంచి పెరటి తలుపు దగ్గరికి వెళ్లి గొలుసు ఆడించింది.

తలుపు కొంచెమే తెరుచుకుంది. గాజుల్లేని చెయ్యి ఒకటి బయటికి వచ్చి గిన్నె అందుకుంది.

ముందు గేటు మీద తాతబ్బాయి పేరు ఇత్తడి అక్షరాల్లో ఉంది. ఆ ఇంట్లో ఏడాది తిరిగేదాకా గడప దాటకూడని మనిషి ఒక్కరే. సూరన్న భార్య. కొడుకు ఇంట్లో ఉన్న తల్లి.

తలుపులమ్మ వెనక్కి తిరిగి షర్మిలని చూసింది. తిట్టలేదు. తల అడ్డంగా ఊపి, పక్కకి తప్పుకుని వెళ్లిపోయింది.

పెద్దావిడ తలుపు సందులోంచి షర్మిలని పైనించి కిందికి చూసింది. చేతిగోళ్ల సందుల్లో రంగు దగ్గర చూపు ఆగింది. ఎవరో అర్థమైనట్టుంది.

"మంగనేటి అంటన్నారు?" అంది గుసగుసగా.

షర్మిల ఉన్నదున్నట్టు చెప్పింది. సెంటర్లో నిలబెడతారు. వీడియో తీస్తారు. మిషను తీసేసుకుంటారు. మంగ మాత్రం నోరు విప్పలేదు.

పెద్దావిడ గిన్నె మీది అరిటాకు సర్దింది. ఇంట్లోంచి కోడలు పిలిచింది. ఆవిడ ఉలిక్కిపడింది.

"నా కొడుకు పరువు పోతాదమ్మా," అంది. తలుపు మూసుకుంది.

ఆ సందులోనే, ప్రహరీకి ఆనుకుని నిలబడిపోయింది షర్మిల. తెలుసుకోవాల్సింది తెలిసిపోయింది. తెలిశాక తేలికవుతుందనుకుంది, కాలేదు. ఇప్పుడు తన నోట్లో ఒక మాట ఉంది. దాన్ని తాతబ్బాయి ముందు ఉమ్మేస్తే మంగ గట్టెక్కుతుంది. కానీ తాతబ్బాయి నమ్ముతాడా? ముసలిదాని మీద నింద వేస్తారా అని ఇంకో వీడియో తీస్తాడు. నమ్మితే ఇంకా ఘోరం. రాత్రికి ఆ ఇంట్లో తలుపులేసి ఏం మాట్లాడతారో ఎవరికీ వినబడదు. సెంటర్లో నిలబడ్డానికి కూడా సిద్ధపడి మంగ ఒక మాట కాపాడుతోంది. దాన్ని తాను అమ్మేసినట్టవుతుంది.

చెప్పకపోతే మిషను పోతుంది. మంగ మళ్లీ జీడిపిక్కల దగ్గరికి పోతుంది. వేళ్లు మళ్లీ నల్లబడతాయి. ఇది ఎలాగూ జరగబోతున్నదే. ఎవరూ ఏమీ చెయ్యకపోతే జరిగేది ఇదే.

ఎండ ఎక్కుతోంది. కాలేజీకి వెళ్లే బస్సు ఒకటి వచ్చి వెళ్లిపోయింది. ఇంకోటి వచ్చేదాకా ఆమె అక్కడే ఉంది.

*

మధ్యాహ్నం తాతబ్బాయి ఆఫీసులో అందరూ కూర్చున్నారు. క్రిస్టఫర్ సార్, గోపీకృష్ణ, షర్మిల ఒక పక్క. కూల్‌డ్రింకులు తెచ్చి పెట్టారు, ఎవరూ ముట్టుకోలేదు. సార్ షర్మిల వైపు చూశారు.

"సంచీ కుట్టింది మంగ," అంది షర్మిల. అంతవరకూ నిజం. గోపీకృష్ణ ఊపిరి వదిలాడు. "క్షమాపణ చెబుతుంది. కానీ సెంటర్లో ఎందుకండి? అక్కడిప్పుడు మీ నాన్నగారు లేరు. ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ ఉంది. దాని కింద నిలబడి చెబితే ఆ పుట్టినరోజు మనిషికి చెప్పినట్టుంటుంది."

తాతబ్బాయి మనుషుల్లో ఒకడు నవ్వబోయి ఆపుకున్నాడు.

"మరేటంటావు?"

"నష్టం మీకన్నా అమ్మగారికి ఎక్కువ కదండి. ఆవిడ కాళ్లకి దండం పెట్టి చెప్పాలి. మీ ఇంట్లో, ఆవిడ ముందు. వీడియో మీరు కావాలంటే తీసుకోండి."

తాతబ్బాయి ఆలోచించాడు. తల్లి, కన్నీళ్లు, కాళ్ల మీద పడ్డ మనిషి, పక్కన కొడుకు. అతని ముఖంలో ఆ బొమ్మ తయారవుతుంటే షర్మిలకి కనబడుతూనే ఉంది. బొమ్మలు ఎలా తయారవుతాయో ఆమెకి తెలుసు.

"బాగా సెప్పినావు," అన్నాడు. "రేపు పొద్దున్న తీసుకురండి."

బయటికి వచ్చాక గోపీకృష్ణ భుజం తట్టాడు. శనివారానికి ఇంకా ఒక రోజు మిగులుతుందన్నాడు. షర్మిల తల ఊపింది. తాను ఎవరి పేరూ చెప్పలేదు. ఇద్దరు ఆడవాళ్లని మాత్రం ఒకరికొకరు ఎదురుగా నిలబెట్టబోతోంది. ఆ తర్వాత ఏమవుతుందో ఆమె చేతిలో లేదు. తన పని తాను తప్పించుకుని, ఆ బరువు కూడా ఆ పెద్దావిడ మీదే పెట్టానా? ఆ ఆలోచనతోనే పడుకుంది. నిద్ర పట్టలేదు.

*

హాల్లో సూరన్న పెద్ద ఫోటో ఉంది. దాని కింద కుర్చీలో తాతబ్బాయి తల్లిని కూర్చోబెట్టారు. బాదంరంగు చీర, తల మీద కొంగు. కోడలు ఆ కొంగు కెమెరాకి బాగా కనబడేలా సర్దింది. సంచీని తువాలుతో సహా ఎదురుగా బల్ల మీద పెట్టారు. తాతబ్బాయి మనిషి ఒకడు ఫోను అడ్డంగా పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

మంగ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. చెప్పులు గేటు దగ్గరే విడిచింది. ఎవరి వైపూ చూడలేదు. క్రిస్టఫర్ సార్ నేల చూపులు చూస్తున్నారు. అప్పలరాజు తలుపు దగ్గర, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. షర్మిల ఒక్కతే పెద్దావిడ కళ్లలోకి చూసింది. ఆవిడ చూపు తిప్పేసుకుంది.

అయిపోయింది అనుకుంది షర్మిల. ఇక ఏమీ జరగదు.

ముందు ఆ ఫ్లెక్సీ నీకెవరిచ్చారో చెప్పమన్నాడు తాతబ్బాయి. మంగ పలకలేదు. దొంగిలించినట్టేనా అన్నాడు. సరే కానిమ్మన్నట్టు ఫోను పట్టుకున్నవాడికి సైగ చేశాడు. మంగ ముందుకి నడిచి, మోకాళ్ల మీద కూర్చుని, వంగి, రెండు చేతులూ ఆ పాదాల వైపు చాచింది. జీడి మరకలున్న వేళ్లు పాదాలకి తగలబోతుంటే పెద్దావిడ కాళ్లు వెనక్కి లాక్కుంది. కుర్చీ కిర్రుమంది. మంగ ఇంకొంచెం ముందుకి జరిగింది. ఆవిడ కాళ్లు కుర్చీ మీదికే ఎత్తేసుకుంది, నీళ్లొస్తే పిల్లలు ఎత్తుకున్నట్టు.

"నెగు మంగా," అంది. "నా కాళ్లెందుకే నీకు? నెగు."

మంగ లేవలేదు. పెద్దావిడే వంగి, జబ్బ పట్టుకుని లేపింది.

తాతబ్బాయి అమ్మా అన్నాడు, మెల్లగా, హెచ్చరికలా. ఆవిడ అతని వైపు కాదు, బల్ల మీది సంచీ వైపు చూసింది.

"పెళ్లైన కాడ్నించీ బజారు సంచీ నానే మోసినాన్రా. సెయ్యి నొప్పెడతంది, ఓ సివర పట్టుకో అంటే, సూరన్న సంచీ మోస్తన్నాడని ఊరు నవ్వుతాదనీవోడు మీ నాయిన. ముందర ఆయన, ఎనకాల సంచీ, సంచీ ఎనకాల నాను. మంచోడే. ఎప్పుడూ సెయ్యెత్తలేదు. సంచీ కూడా ఎత్తలేదు."

ఫోను పట్టుకున్నవాడు ఆపాలో వద్దో తెలియక తాతబ్బాయి వైపు చూశాడు.

"ఏటి మాటాడతన్నావమ్మా? ఆ ఫ్లెక్సీ—"

"సెంటర్లోంచి దించేక దాన్నేటి సేసినార్రా మీరు? వానొస్తంటే పెరట్లో సిమెంటు మూటల మీద కప్పినారు. ఆ రోజు ఎవుడూ ఈడియో తియ్యలేదు." ఆవిడ గొంతు పెరగలేదు. అలిసిపోయిన మనిషి సామాను దించుకుంటున్నట్టు ఒక్కో మాటా దించుతోంది. "నానే ఎల్లి తీసి కడిగినాను. ఇప్పుడేనా ఓ పని సెయ్యి మావా అన్నాను. ఏడాది దాకా నన్ను గడప దాటనివ్వరు కదా. నా బదులు ఆయన ఎల్తన్నాడు బజారుకి. సేపలు మోసుకొస్తన్నాడు. బాగా మోస్తన్నాడ్రా. ఎక్కడా సిరగలేదు."

ఎవరూ నవ్వలేదు. అప్పలరాజు తల తిప్పుకుని గోడ వైపు చూస్తున్నాడు. తాతబ్బాయి ఫోను పట్టుకున్నవాడి చెయ్యి కిందికి నొక్కాడు. అయినా ఏదో దారి మిగిలి ఉందేమోనని వెతుకుతున్నట్టు, మంగ వైపు వేలు చూపించాడు.

"ఎవరో నీకు ఎక్కించినారమ్మా ఇదంతా. దీనికి ఆ ఫ్లెక్సీ ఎవరు తీసుకెళ్లి ఇచ్చినారు? పేరు సెప్పు. పేరొకటి సెప్పు సాలు."

పెద్దావిడ కాళ్లు కిందికి దించి, నేల మీద ఆనించింది. మంగ చెయ్యి వదల్లేదు.

"రామాయమ్మ ఇచ్చింది," అంది. "సూరన్న పెళ్లాం రామాయమ్మ."